జాతి తెలియని కోట

చవిటి మైదానం మీద కోట పరుగెత్తుతోంది.

మబ్బులను ఒరుసుకునే బురుజులు, పగడపు ఛాయ రాతి ప్రాకారాలు, ఎండకు బంగారు రేకుల్లా మెరిసే శిఖరాలు, వాటి మీద ఏ రాజ్యానికీ చెందని నల్లని పతాకాలు. ఇంతటి భారమూ ఒక్కటిగా, పాదం కనిపించకుండా, దట్టమైన ధూళి మీద తేలుతూ దక్షిణదిశగా సాగిపోతోంది. దాని వెనుక రెండు గుర్రాలు నురుగులు కక్కుతూ వస్తున్నాయి.

మొదటి గుర్రం మీద శరభాంకుడు. మణిశైల రాజ్యంలో కోటలను పరీక్షించి, ఏది గిరిదుర్గమో ఏది జలదుర్గమో నిర్ణయించే దుర్గపరీక్షకుల పరంపరలో అతను కడపటి శిష్యుడు. రెండవ గుర్రం మీద తుంగ. ఒకప్పుడు గోడలెక్కి దొంగతనాలు చేసి పట్టుబడిన ఆ యువతిని ఉరికంబం నుంచి తప్పించినవాడు శరభాంకుడి గురువు, ఆచార్య ధృతిపాలుడు. ఆ గురువే ఇప్పుడు ఆ కోట ముంగిట అంగుళమంగుళంగా రాయిగా మారుతున్నాడని గొర్రెలకాపరులు చెప్పారు. ఈ పొద్దు గుంకేసరికి రాయి ఆయన నోటిని మూస్తుందనీ, ఆపైన దేవుడు దిగివచ్చినా విడిపించలేడనీ చెప్పారు.

“అయ్యవారూ,” తుంగ గాలికి ఎదురుగా అరిచింది, “కోట కదలదని మీ శాస్త్రంలో ఉందా?”

“ఉంది.”

“మరి మనం దేని ఎనకాల పోతున్నట్టు?”

“శాస్త్రం చూడనిదాని వెనుక.”

“మా బావగారు నయం. కనబడిందాన్నే నమ్ముతారు.” ఆమె భుజం మీద నిద్రపోతున్న ఉడుమును తట్టి లేపింది. దాని నడుముకు సన్నని పట్టుతాడు కట్టి ఉంది. “లేవండి బావగారూ, అత్తవారిల్లు ఎదురుగా ఉంది.”

గుర్రం ప్రాకారానికి సమీపించిన క్షణంలో ఆమె ఉడుమును విసిరింది. అది గోడకు అతుక్కుని, రాతి సందులో గోళ్ళు దింపి బిగిసిపోయింది. తుంగ తాడు పట్టుకుని జీను మీది నుంచి లేచింది. శరభాంకుడు ఆమె వెనుకనే తాడు అందుకున్నాడు. సవారీలు లేని గుర్రాలు ధూళిలో వెనుకబడిపోయాయి. అతని కాళ్ళు శూన్యంలో ఊగాయి, మోచిప్పలు రాతికి తగిలి చీరుకుపోయాయి. పిట్టగోడ అంచు చేతికి అందేసరికి అరచేతుల్లో చర్మం మిగలలేదు.

మహాద్వారానికి ముందు, గాలిలోకి చాచిన నాలుకలా ఒక వేదిక ఉంది. దాని మీద వరుసగా శిలావిగ్రహాలు. ప్రతి విగ్రహమూ ఒక దుర్గపరీక్షకుడు. ఒకరి పెదవులు విచ్చుకుని ఉన్నాయి, మరొకరి నాలుక పళ్ళ మధ్య ఆగింది. అందరూ ఒక మాట మధ్యలో రాయైనవాళ్ళు. వరుస చివర ధృతిపాలుడు. రొమ్ము దాకా రాయి. ఆ పైన నెరసిన గడ్డం మాత్రం గాలికి కదులుతోంది.

“ఎందుకు వచ్చావు నాయనా?” అన్నాడు ఆయన. కోపం లేదు, అలసట ఉంది.

“మీరు ఏమని నిర్ణయించారు ఆచార్యా?”

“గిరిదుర్గమన్నాను. నోరు తెరిచినప్పుడు కింద కొండ ఉంది. మూసేసరికి లేదు.” ఆయన నవ్వబోయాడు. నవ్వడానికి కావలసిన ఊపిరి రాతిలో చిక్కుకుంది. “విను. జాతి నీకు తెలిసినా పలకవద్దు. తన జాతిని సత్యంగా విన్న కోటకు ప్రాణం వస్తుంది. ఆపైన దానిని ఏ సేనా గెలవలేదు. ఈ కోట మాంత్రికుడు ఝర్ఝరుడిదని తెలుసు కదా.”

“పలకకపోతే మీరు ఉండరు.”

“ఒక ముసలివాడు పోతే రాజ్యానికి ఒక విగ్రహం మిగులుతుంది.”

“విగ్రహానికి అంత అందమైన మొకం కాదులెండి తాతగారూ,” అంది తుంగ, ఉడుమును కొంగులో చుట్టుకుంటూ. “ఊళ్ళో పిల్లలు జడుసుకుంటారు.”

అప్పుడు మహాద్వారం తెరుచుకుంది. తలుపుల మధ్య నుంచి ముందు సాంబ్రాణి పొగ, ఆ వెనుక నెమలికంఠం రంగు ఉత్తరీయం, ఆ వెనుక ఒక మనిషి వచ్చాడు. అతని మెడలో ఎముకల హారం లేదు, కళ్ళలో ఎరుపు లేదు. చక్కగా దువ్విన జుట్టు, చెవులకు ముత్యాలు, ఆప్యాయమైన ముఖం. అతనే మాంత్రికుడు ఝర్ఝరుడు.

“పరీక్షకులవారికి స్వాగతం. గోడ ఎక్కి రావలసిన పనేముంది? కబురు చేస్తే పల్లకి పంపేవాణ్ణి కదా.” అతను విగ్రహాల మధ్య నడుస్తూ ఒకదాని భుజం మీది ధూళిని ఉత్తరీయంతో తుడిచాడు. “నేను కట్టిన కోట ఇది. ఇది ఏ జాతిదో నాకే తెలియదు. నమ్మండి, రాత్రులు నిద్ర పట్టదు. మీవంటి పండితులను ఎందరినో పిలిచాను. చూశారుగా, తొందరపడ్డారు.”

“ఆచారం ప్రకారం ప్రదక్షిణం చేయాలి,” అన్నాడు శరభాంకుడు.

“చేయండి. జాతిని పలకండి, దాని ఆశ్రయాన్ని పేరుతో పలకండి. గిరిదుర్గమైతే కొండ పేరు, జలదుర్గమైతే ఏటి పేరు. రెండూ నిజమైతే ఆచార్యులవారిని మీతో తీసుకుపోండి. ఒక్కటి తప్పినా, ఈ పక్కన మీకూ చోటుంది.” అతను పడమర వైపు చూశాడు. “పొద్దు వాలుతోంది. తమలపాకులు పంపించనా?”

“మేము పరీక్షకు ముందు కోట లోపలి నీళ్ళయినా ముట్టం.”

“అవునవును. అందరూ అదే అన్నారు,” అన్నాడు ఝర్ఝరుడు మెత్తగా.

ప్రాకారం బయట, మనిషి పాదమంత వెడల్పున, ఒక అంచు కోట చుట్టూ పోతుంది. శరభాంకుడు దాని మీద అడుగు పెట్టాడు. తుంగ వెనుక నడిచింది. కోట వేగం పెరిగింది. గాలి వాళ్ళను రాతికి అదిమింది.

మొదటి బురుజు తిరిగేసరికి చవిటి నేల మాయమైంది. కోట ఒక ఎత్తైన కనుమ మీద ఉంది. కింద లోయలో డేగలు వీపులు చూపిస్తూ తిరుగుతున్నాయి. శరభాంకుడు పెదవి కదిపేలోగా కనుమ జారిపోయి, కోట ఒక మహానది నడుమ సాగింది. నురుగు ప్రాకారాన్ని కొట్టింది. మొసళ్ళు పక్కకు తొలగాయి. మరి కొంతసేపటికి రెండు వైపులా వెదురు కమ్ముకుంది. ముళ్ళకొమ్మలు అతని చొక్కాను చీల్చాయి, ఏనుగు ఘీంకారం ఒకటి దగ్గరగా వచ్చి వెనుకబడింది. తర్వాత ఇసుక. ఆ ఇసుక మీద పొద్దు మరింత కిందికి దిగింది.

చదువుకున్న జాతులన్నీ ఒక్క మధ్యాహ్నంలో అతని ముందు నుంచి వెళ్ళిపోయాయి. ప్రతిదీ నిజమే అనిపించింది, ప్రతిదీ అబద్ధమైంది. అతనికి గురువు మీద జాలి కలగలేదు, భయం కలిగింది. అంతటి మనిషిని మోసగించినది ఈ దృశ్యాల వేగం కాదు. చూడటమే తన పని అనుకున్నవాడు, తాను ఎక్కడ నిలబడి చూస్తున్నాడో చూసుకోలేదు.

“అయ్యవారూ, ఆగిపోయారేం? కింద పడే ఆలోచన ఉంటే ముందే చెప్పండి, తాడు దండగ.”

అతను వంగి గోడ అడుగును చూస్తున్నాడు. ధూళి ఒక్కసారి పలచబడింది. “తుంగా, ఈ గోడకు చెమ్మ లేదు.”

“నదిలో తడిసి వచ్చిందిగా?”

“అది పైనుంచి పడిన నీళ్ళు. నేలమీద నిలిచిన ఏ గోడకైనా కింది నుంచి చెమ్మ ఎక్కుతుంది. ఎడారి కోటకైనా, కొండ కోటకైనా, అడుగున ఒక నల్లని గీత ఉంటుంది. దీనికి లేదు. ఈ కోట ఏనాడూ నేలను తాకలేదు.”

“మరి దేని మీద ఉంది?”

అతను తల ఎత్తాడు. ఎదురుగా గోడలో వాననీళ్ళు పోయే తూము కనిపించింది, మనిషి దూరేటంత. కోట లోపలికి పోయినవాడి కన్ను లోపలివారి వైపే మొగ్గుతుందని, జాతి నిర్ణయానికి ముందు గడప దాటిన పరీక్షకుడి మాట చెల్లదని పరంపర నియమం. ఆ నియమాన్ని తప్పినవాడు ఒక్కడూ లేడు. వేదిక మీది విగ్రహాలన్నీ ఆ నియమాన్ని నిష్ఠగా పాటించినవే.

శరభాంకుడు తూములో తల పెట్టాడు.

లోపల నిశ్శబ్దం. చంద్రకాంతపు నేల మీద వాళ్ళ అడుగుల చప్పుడు ముందుగా పరుగెత్తింది. ఒక మండపంలో వెండి పళ్ళేలలో విందు వడ్డించి ఉంది, తినేవారు లేరు. మరొకచోట వీణలు శ్రుతి చేసి ఉన్నాయి, వాయించేవారు లేరు. పట్టుతెరలు, ఏనుగుదంతపు మంచాలు, పన్నీటి తొట్లు. ఏ గుమ్మం దగ్గరా కావలివాడు లేడు. అన్నీ ఒకే లయలో, ఒకసారి లేచి ఒకసారి వాలుతూ, ఊగుతున్నాయి. తుంగ ఒక పళ్ళెం మీద చెయ్యి చాపి, అతని చూపు గమనించి వెనక్కి తీసుకుంది.

“తినడానికి కాదు. వెండి ఎంత బరువుందో చూద్దామని.”

మెట్లు కిందికి దిగాయి. కింది అంతస్తులకు పోయిన కొద్దీ పన్నీటి వాసన పోయి చెమట వాసన వచ్చింది. చిట్టచివరి మెట్టు దగ్గర నేల లేదు. ఉన్నది అడ్డంగా, నిలువుగా, చూపు ఆనినంత దూరం పరిచిన ఇనుపదూలాలు. ఆ దూలాల కింద మనుషులు.

వేలమంది. ఒంగిన మెడలు, కాయలు కాసిన భుజాలు, మూసిన కళ్ళు. నిద్రలోనే అందరి పాదాలూ ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడుతున్నాయి. వాళ్ళ కాళ్ళు లేపిన ధూళే ప్రాకారం చుట్టూ మబ్బులా కమ్మింది. కోట వాళ్ళ భుజాల మీద ఉంది.

ఇద్దరూ దూలాల సందులోంచి నేల మీదికి దిగి, వాళ్ళతో పాటు నడిచారు.

“ఎవరది? కాళ్ళకడ్డం రావద్దు,” అంది ఒక గొంతు.

అన్నిటికంటె ముందు దూలం కింద ఒక పొట్టి మనిషి. గొలుసులతో దూలానికే కట్టి ఉన్నాడు. వాడి కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

“నువ్వు నిద్రపోలేదా?” అన్నాడు శరభాంకుడు, వాడి పక్కన నడుస్తూ.

“ముందు బోయీ నిద్రపోతే పల్లకి గుంటలో పడదా బాబూ? ఆ ఎదవకి ఆ మాత్రం తెలుసు. అందుకే నాకు మందు పెట్టలా.” వాడు దారి మీది చూపు తిప్పలేదు. “ఎడమకి తప్పుకోండి. రాయి వస్తాంది.”

“నీ పేరేమిటి?”

“పేరుతో పనేముంది. మైలారు. దేవరమిట్ట మాది. వీడు నా ఎనకాలోడు ఓబులు, వాడి పక్కన చెన్నడు. మా ఊళ్ళో మొగోళ్ళంతా ఇక్కడే ఉండారు. ఊరు ఊరునే మింగింది ఈ కోట.”

“ఆగిపోలేవా?” అంది తుంగ.

“ఆగొచ్చు. నేను ఆగితే ఎనకున్నోళ్ళు నిద్దట్లోనే నా మీదికి వస్తారు, పైనున్నది అందరి మీదికీ వస్తది.” వాడు ఎండిన పెదాలు నాకాడు. “ఆగమని చెప్పేటోళ్ళకి బరువు తెలవదు తల్లీ. మోస్తేగాని తెలవదు.”

శరభాంకుడికి గురువు పాఠం ఒకటి తోచింది. దుర్గాలన్నిటిలో శ్రేష్ఠమైనది నరదుర్గం. మనుషులే రక్షణగా ఉన్నది. సేనాబలానికి అది మరొక పేరని వ్యాఖ్యానాలన్నీ చెప్పాయి. అతనూ అదే వల్లె వేశాడు. కానీ ఇక్కడ ఒక్క కత్తీ లేదు, ఒక్క డాలూ లేదు.

“కోటకు ప్రాణం వస్తే,” అన్నాడు నెమ్మదిగా, తనలో తాను, “అది రాళ్ళకు రాదు.”

“ఎంత సూక్ష్మబుద్ధి,” అంది వెనుక నుంచి ఒక మెత్తని గొంతు.

ఝర్ఝరుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అతని వేళ్ళ నుంచి సాంబ్రాణి పొగ తాళ్ళుగా జారి, తుంగ మెడకు చుట్టుకుంది. “లోపలికి వచ్చారా? మీ ఆచారం చెడింది పరీక్షకులవారూ. ఇక మీ మాటకు విలువ లేదు. పునాదిని చూసి కోట పేరు చెప్పేవాడు ఉంటాడా?”

తుంగ కొంగు విదిలించింది. ఉడుము ఎగిరి ఝర్ఝరుడి ముత్యాల చెవిని కరిచి పట్టుకుంది. పొగతాళ్ళు తెగిపోయాయి.

“పరుగెత్తండి అయ్యవారూ,” అంది ఆమె దగ్గుతూ. “మా బావగారు పట్టు వదలరు గాని, ఆయనకి ఓపిక తక్కువ.”

శరభాంకుడు మెట్లెక్కాడు. వెనుక మాంత్రికుడి కేక, పొగ బుసలు, మండపాల్లో వెండి పళ్ళేలు దొర్లిన మోత. పట్టుతెరలు పాముల్లా లేచి అతని కాళ్ళకు చుట్టుకున్నాయి. వాటిని చించుకుంటూ, పన్నీటి తొట్టిలో పడి లేచి, మహాద్వారం దాటి వేదిక మీదికి దూకాడు. సూర్యుడి అంచు మాత్రం మిగిలింది. రాయి ధృతిపాలుడి కింది పెదవిని తాకింది. మాట రాని ఆ ముసలి కళ్ళు వద్దని చెబుతున్నాయి.

“నరదుర్గం,” అన్నాడు శరభాంకుడు.

ఏమీ జరగలేదు. అతని పాదాలు చల్లబడ్డాయి. వంగి చూస్తే కాలివేళ్ళకు గోళ్ళు లేవు, రాయి ఉంది. చల్లదనం చీలమండలకు ఎక్కింది. జాతితో పాటు ఆశ్రయాన్ని పేరుతో పలకాలి. కొండకు ఒక పేరుంటుంది, నదికి ఒక పేరుంటుంది.

అతను వేదిక మీద బోర్లా పడి, ధూళిలోకి తల వంచి, గొంతు చిరిగేలా పిలిచాడు.

“మైలారూ. ఓబులూ. చెన్నా.”

రాయి అతని మోకాలి దగ్గర నిలిచింది. కింద నుంచి నిద్రగొంతు ఒకటి “ఆ” అంది. ఆ వెంటనే మైలారు గొంతు, “ఓబులూ, లెగరా. ఎనకాలోణ్ణి లేపు. పేరు పెట్టి పిలు.” ఓబులు ఎవరినో పిలిచాడు, అతను మరొకరిని. పేర్లు దూలం నుంచి దూలానికి పాకాయి. గంగన్న, పుల్లాయి, ఈరడు, కోటిగాడు, పెదలింగం. వాన ముందు గాలి పంటచేల మీద సాగినట్టు ఆ పిలుపు కోట అడుగంతా సాగింది.

పాదాల చప్పుడు ఆగింది. కోట నిలిచింది. ధృతిపాలుడి పెదవి మీది రాయి సున్నంలా రాలిపోయింది. రొమ్ము విడివడింది, నడుము విడివడింది. ఆయన పెద్దగా ఊపిరి తీసుకున్నాడు.

“తప్పు చేశావు నాయనా,” అన్నాడు మొదట. మరు క్షణంలో, “కాదేమో. ఆగు, నన్ను ఆలోచించనివ్వు.”

“ఆలోచన ఇక నాకు వదలండి,” అన్నాడు ఝర్ఝరుడు. ద్వారం దగ్గర నిలబడి, నెత్తురోడే చెవిని ఉత్తరీయంతో అదుముకున్నాడు. ముఖంలో ఆప్యాయత పోలేదు, అదే భయంకరంగా ఉంది. “ప్రాణమున్న కోట. లోకంలో మొదటిది. పదండి, ముందు మణిశైలానికి. మీ రాజుగారిని నిద్ర లేపుదాం.” అతను చేయి ఎత్తి ఆజ్ఞ ఇచ్చాడు.

కోట కదిలింది. మణిశైలం వైపు కాదు.

అడుగున ఒకడు తన ఊరు ఉత్తరాన ఉందన్నాడు. ఇంకొకడు, ఏటి అవతల తన పెళ్ళాం ఒక్కతే ఉందన్నాడు. ఎవరి ఇంటి వైపు వాళ్ళు తిరిగారు, భుజాన ఉన్నదానితో సహా. నిద్ర వదిలిన మనుషులకు ఇల్లు తప్ప దిక్కు తోచలేదు. తూర్పు బురుజు తూర్పుకు నడిచింది. ఏనుగుదంతపు మంచాలతో అంతఃపురం అడవిబాట పట్టింది. ప్రాకారం పెళపెళమని నిలువునా చీలింది. చీలిక ద్వారాన్ని దాటి, వేదిక మీదికి మెరుపులా వచ్చి, శరభాంకుడికీ అతని గురువుకూ మధ్యగా పోయింది.

పడమటి ముక్క విడిపోయింది. దాని మీద ధృతిపాలుడు ఉన్నాడు, పాదాలు ఇంకా రాతిలోనే. ఆయన వెనుక ఝర్ఝరుడు. మాంత్రికుడు ముసలివాడి మెడ చుట్టూ చేయి వేసి, ఇవతలి గట్టు వైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

తుంగ పరుగెత్తుకు వచ్చింది, ఉడుము ఆమె నెత్తిన ఉంది. “తాడు తెగింది అయ్యవారూ. దూకితే మీ పాటికి మీరే.”

శరభాంకుడి మోకాళ్ళ నుంచి రాతిపెచ్చులు రాలుతున్నాయి. ఒక కాలు బతికింది, ఒక కాలు మొద్దుబారి ఉంది. ఎడం పెరుగుతోంది. అతను కొలవలేదు. బతికిన కాలితో తన్నుకుని దూకాడు.

రొమ్ము రాతికి తగిలింది. వేళ్ళు అంచును పట్టాయి, జారాయి, అడుగున ఉన్న ఇనుపదూలాన్ని పట్టాయి. పైన గురువు తన పేరు పిలవడం వినిపించింది. కింద నేల వేగంగా వెనక్కి పోతోంది. పైకి ఎక్కే బలం చేతుల్లో లేదు. ధూళిలో నుంచి ఒక చెయ్యి వచ్చి అతని నడుము పట్టుకుంది.

“ఈ పక్క మనుషులు చాలటం లేదు బాబూ, ఒరుగుతా ఉంది,” అన్నాడు మైలారు. “ఊరికే ఏలాడక, దిగి ఒక భుజం పట్టండి.”